గీకిన కార్డు

తుమ్మలపల్లె,
23 నవంబరు 2008, ఆదివారం.

పెద్దవాడైన మా అన్న నారాయణకు, చెల్లెలు కృష్ణవేణమ్మ దండం పెట్టి రాస్తున్న జాబు. ఇక్కడ నేనూ, మా పిల్లోడు చైతన్యా దేవుడు ఉంచినట్టు ఉన్నాం. అక్కడ నువ్వు, వదిన, శిల్ప ఆరోగ్యంగా ఉన్నారనీ, కోడుమూరులో నీ విత్తనాల అంగడి బాగా నడుస్తున్నదనీ సోమన్న చెప్పగా విన్నాను. సంతోషం.

శిల్ప పెళ్ళికార్డు మొన్న శుక్రవారం అందింది. ఎర్ర అట్ట మీద బంగారు అక్షరాలు, చాలా బాగుంది. కింద "మేనత్త కృష్ణవేణమ్మ" అని నా పేరు కూడా వేయించావు. పెళ్ళికొడుకు నంద్యాలలో ఇంజనీరని సోమన్న చెప్పాడు. బిడ్డ సుఖపడితే అంతకంటే కావలసింది లేదు. శిల్పా, చైతన్యా ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ ఈడూజోడూ అని మనమే అనుకున్నాం, మనమే మానుకున్నాం. పిల్లలు వాళ్ళ నోటితో ఏనాడూ అడగలేదు. అందుకని దాని గురించి నాకు బాధ లేదు. ఉన్నా ఈ ఉత్తరంలో రాయను.

కార్డుతో పాటు నువ్వు చెప్పిపంపిన మాట కూడా సోమన్న చెప్పాడు. ఆ మనిషిని అనడానికి లేదు. నీ అంగట్లో పని చేసేవాడు, చెప్పమన్నది చెప్పాడు. గడపలో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అక్కా, అన్న నిన్ను ఒక్కదాన్నే రమ్మన్యాడు. పెండ్లిల్లు గదా, బంగారమంతా బయటనే ఉంటాది, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఉంటారు, ఆ పిల్లోన్ని తోడుకోని రావద్దని చెప్పమన్యాడు" అన్నాడు. చైతన్య అక్కడే, వసారాలో సైకిలు చక్రం విప్పుకుని కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. లేచి చేతులు కడుక్కుని లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చి సోమన్నకు ఇచ్చాడు. "ఎండన పడి వచ్చినావు, తాగు మామా" అన్నాడు. సోమన్న సగం తాగి సగం వదిలేసి బస్సుకు పోయాడు.

అందుకే ఈ జాబు రాస్తున్నాను. జరిగింది నీకు తెలియదని కాదు. ఎప్పుడు చెప్పబోయినా నువ్వు మధ్యలో మాట అందుకుంటావు. కాగితం మీదయితే అందుకోలేవు. మొదటి నుంచీ రాస్తాను, ఓపికగా చదువు.

గని కోసం మా చేను పోయిన సంగతి నీకు తెలుసు. దస్తావేజుల మీద నా చేత సంతకాలు పెట్టించింది నువ్వే. వచ్చిన డబ్బులో మా ఆయన నాటి అప్పులు తీరగా, ఇంటి పైకప్పు వేయించగా, రెండు లక్షల చిల్లర మిగిలింది. ఆ డబ్బుతో వేంపల్లె దగ్గర చిన్న చీనీకాయల తోట కొనాలని నేనూ, చైతన్యా అనుకున్నాం. నేల పోయిన వాళ్ళకు మళ్ళీ నేల మీద నిలబడితే తప్ప నిద్ర పట్టదు. బేరం కుదిరేదాకా డబ్బు బ్యాంకులో ఉంచాం. ఖాతాతో పాటు బ్యాంకు వాళ్ళు ఏటీఎం కార్డు కూడా ఇచ్చారు. దాన్ని నేను ఒక్కసారి కూడా వాడలేదు. రహస్య నంబరు కవరు చైతన్య దగ్గర ఉంటే, కార్డు నా చేతి సంచిలో ఉండేది. నంబరు లేకుండా ఆ కార్డు ఉత్త రేకు ముక్కని నేను అనుకున్నాను. అంగళ్ళలో దాన్ని గీకితే నంబరు కూడా అడగరనీ, చీటీ కింద ఒక సంతకం పెడితే చాలనీ నాకెవరూ చెప్పలేదు.

శివరాత్రికి ముందు నాకు కంటి ఆపరేషన్ చేయించడానికి కర్నూల్లో మీ ఇంటికి పిలిపించుకున్నావు. అది నేను మరువలేదు. కుడి కంటికి కోత, కట్టు. ఎడమ కంటికి ముందు నుంచీ పొర. మొదటి రోజుల్లో నాకు వెలుగు తప్ప మనిషి ఆనేవాడు కాదు. వదిన అన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టేది. శిల్ప నా తల దువ్వేది. నువ్వు కోడుమూరు నుంచి వచ్చాక, కాళ్ళు కడుక్కుని, "తల ఎనక్కి పెట్టు వేణమ్మా" అని కంట్లో చుక్కలు వేసేవాడివి. ఒక్క చుక్క కూడా చెంప మీదికి జారేది కాదు. చైతన్య మొదటి వారమంతా ఉండి, ఆసుపత్రికీ మందుల అంగడికీ తిరిగి, గనిలో కాంట్రాక్టరు పిలుస్తున్నాడని వెళ్ళిపోయాడు. ఉగాది దాకా నేను మీ ఇంట్లోనే ఉన్నాను.

జూన్‌లో తోట బేరం కుదిరింది. బయానా ఇవ్వడానికి డబ్బు తీసుకుందామని చైతన్యా, నేనూ బ్యాంకుకు పోయాం. గుమాస్తా పుస్తకం అచ్చు వేసి, దాని వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, మమ్మల్ని మేనేజరు గదిలోకి పంపాడు. లక్షా ఎనభై వేలకు పైగా పోయాయి. మూడుసార్లు కార్డు గీకారని మేనేజరు చదివి చెప్పాడు. మూడూ కర్నూల్లోనే. రెండుసార్లు ఒకే బంగారు అంగట్లో, ఒకసారి పట్టుచీరల అంగట్లో. అన్నీ నా కంటికి కట్టు ఉన్న మొదటి వారంలోనే.

నేను సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. "ఇది ఈడనే ఉండాది గదా సార్, యాడికీ పోలేదు" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అదేనమ్మా మీకు చిక్కు. పోయుంటే పోయిందని రాసుకొనేవాళ్ళం. ఎవరో తీసినారు, గీకినారు, మళ్ళీ సంచిలో పెట్టినారు. ఇంట్లోవాళ్ళను కనుక్కోండి" అన్నాడు. ఆడమనిషి పేరున్న కార్డును ఇంకొకరు గీకితే అంగడివాడు చూసుకోడా అని అడిగాను. "గిరాకీ వచ్చినప్పుడు పేరు చూసేదెవరమ్మా" అన్నాడు. చైతన్య మాత్రం, కార్డును అచ్చంగా దించి దొంగకార్డు చేసే ముఠాలు ఉన్నాయని పేపర్లో వచ్చింది సార్, మందుల అంగట్లోనో ఇంకెక్కడో దించి ఉంటారు, అని వాదించాడు. ఆయన దాన్ని కాదనలేదు. కార్డు ఆపేశాడు. ఫిర్యాదు రాసివ్వమన్నాడు, పోలీసు కాగితం కూడా తెమ్మన్నాడు.

ఆ రోజే నీకు ఫోన్ చేశాను. మరుసటి రోజు పొద్దున్నే నువ్వు దిగావు. మాకు కొండంత ధైర్యం వచ్చింది. మేనేజరు బల్ల మీద చెయ్యి కొట్టి నువ్వు అడిగిన మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. "మా చెల్లెలు కండ్లకు కట్టు కట్టుకోని మా ఇంట్లో పండుకోనుంటే, లేసిపోయి బంగారం కొన్యాదా? మీ బ్యాంకుల్లో ఏం జరుగుతాండాదో మాకు తెలీదనుకుంటాండారా?" అన్నావు. బ్యాంకులో ఉన్నవాళ్ళంతా లేచి చూశారు. నా తరఫున ఒక మనిషి ఉన్నాడని నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

బయటికి వచ్చాక టీ అంగడి దగ్గర, చైతన్య కాగితాలు జిరాక్సు తీయించడానికి పోయినప్పుడు, నువ్వు గొంతు తగ్గించి నాతో అన్నావు. "వేణమ్మా, నోటితో అనగూడదు గానీ, ఆ వారమంతా సంచి ఎవురి చేతిలో ఉండె? ఆస్పత్రికీ, మందులకూ తిరిగిందెవురు? వయసు పిల్లోడు, కర్నూలు చూసినాడు. గట్టిగా అడుగు, చెప్తాడు. పోలీసుల దాకా వద్దు, ఇంటి గుట్టు బజార్లో పడ్తాది." టీ నా చేతిలోనే చల్లారిపోయింది.

పోలీసుల దగ్గరికి పోదామన్నది ఎవరో గుర్తుందా? చైతన్యే. నువ్వు వద్దు వద్దంటుంటే, "గుట్టు పోతే నాదే గదా మామా పోయేది. నేనే రాసిస్తా" అని వాడే వేంపల్లె స్టేషన్లో కాగితం ఇచ్చాడు. దొంగ తన కాళ్ళతో తాను స్టేషన్‌కు పోతాడా అని ఆ రోజు నువ్వూ అనలేదు, నాకూ తోచలేదు. అంగళ్ళు కర్నూల్లో ఉన్నాయి కాబట్టి కాగితం కర్నూలుకు పంపారు. అక్కడి నుంచి వాన్ని పిలిపించడం మొదలయింది. రెండోసారి పిలిచినప్పుడు, అంగడి చీటీ మీది సంతకంతో సరిచూడడానికని ఒక పూటంతా వాడి చేత కృష్ణవేణమ్మ, కృష్ణవేణమ్మ అని రాయించారట. ఒక కానిస్టేబులు చెంప మీద కొట్టాడు కూడా. ఇంటికి వచ్చి నాతో చెంపదెబ్బ సంగతి చెప్పలేదు. "ఇంతకాలం బతికినా నీ పేరు నేనెప్పుడూ ఇన్ని తూర్లు రాయలేదుమా" అని నవ్వాడు. దెబ్బ సంగతి ఆ తర్వాత వేరేవాళ్ళు చెప్పారు.

ఊరి సంగతి కూడా విను. స్టేషన్లో పేరు పడిందని తెలియగానే వాడి కాంట్రాక్టరు, "కేసు తేలినాక రా అబ్బీ, అప్పుడు చూద్దాం" అని పనిలోంచి తీసేశాడు. మా పక్కింటి లక్ష్మక్కకు తలుపు దగ్గరగా వేసి పోవడమే తెలుసు. ఆమె కూడా తాళం కొనుక్కుంది. తాళం వేసేటప్పుడు నా ముఖం చూడలేక, "కుక్కలు దూరుతాండాయి వేణమ్మా" అంది. మన బంధువుల్లో సగం మందికి చైతన్యే తీశాడన్న సంగతి ఎలా తెలిసిందని నేను ఆలోచించాను. ఎవరిని అడిగినా "మీ అన్ననే బాధపడ్తా చెప్పినాడు" అన్నారు.

ఇక బ్యాంకు. వాళ్ళ పై ఆఫీసుకు మూడుసార్లు రాశాం. చివరికి ఒక కాగితం వచ్చింది. కార్డు ఖాతాదారు స్వాధీనంలోనే ఉన్నది, ఆలస్యంగా తెలిపినారు, కాబట్టి బ్యాంకుకు బాధ్యత లేదు, అని. సంతకం నాది కాదని ఒప్పుకుంటూనే డబ్బు మాత్రం నాదే పోయిందన్నారు. మేనేజరును అడిగితే, "మనిషి దొరికితే పోలీసులే వసూలు చేసిస్తారమ్మా, లేకుంటే మా చేతిలో లేదు" అన్నాడు. చీనీ తోటను వేరేవాళ్ళు కొనుక్కున్నారు. దారిన పోయేటప్పుడు నేను అటువైపు చూడను.

ఇప్పుడు రాయబోయేది నీకు తెలియదు. నువ్వు టీ అంగడి దగ్గర వేసిన విత్తనం నాలో మొలిచింది అన్నా. మంచి విత్తనాల వ్యాపారివి, మొలవకుండా ఎందుకుంటుంది? ఆగస్టులో ఒక ఉదయం చైతన్య బావి దగ్గర స్నానానికి పోతే, నేను వాడి పెట్టె తెరిచాను. చొక్కాలు ఒక్కొక్కటే విప్పి దులిపాను. వాడి ఐటీఐ సర్టిఫికెట్ల కవరు బోర్లించాను. మా ఆయన ఫోటో వెనక కూడా తడిమి చూశాను. అలికిడయి తలెత్తితే తడి తలతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కోప్పడితే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. "పరుపు కింద కూడా చూడుమా" అన్నాడు. అంతే. పోయి తల తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచీ వాడు నాకు ఏ లోటూ చేయలేదు. నీళ్ళు తెస్తాడు, కట్టెలు కొడతాడు, అడిగితే మాట్లాడతాడు. ఇంట్లోకి వచ్చేటప్పుడు మాత్రం చేతులు రెండూ కనిపించేట్టు వస్తాడు. వాడు కావాలని చేస్తాడో, వాడికే తెలియదో నాకు అర్థం కాదు. నేను కన్న తల్లిని. నా ఇంట్లో నా బిడ్డ అలా నడుస్తున్నాడు.

సెప్టెంబరులో, వినాయక చవితి అయిన తర్వాత, కర్నూలు స్టేషన్ నుంచి నన్ను రమ్మని కబురు వచ్చింది. చైతన్యను వెంట పెట్టుకుని పోయాను. వాన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు. ఎస్సై చిన్నవాడు, మంచిగానే మాట్లాడాడు. ఆ బంగారు అంగట్లో కెమెరా ఉందట. నాలుగుసార్లు అడిగితే ఇప్పుడు ఇచ్చారట. కార్డు గీకిన నిమిషానికి బల్ల ముందర ఉన్న మనిషి ఫోటోను కాగితం మీద తీసి పెట్టుకున్నారు. దాన్ని నా ముందుకు జరిపి, "బాగా చూడమ్మా. నీ కొడుకైతే కాదు, అది మాకు తెలిసిపోయింది. ఈ మనిషి ఎవరో తెలుసునా? తెలిస్తే చెప్పు, నీ దుడ్లు నీకు వస్తాయి" అన్నాడు. నేను కొత్త కండ్లజోడు పెట్టుకుని చూశాను. ఆపరేషన్ తర్వాత నా కుడి కన్ను సూదిలో దారం ఎక్కించేంత బాగుంది. చూసి, తెలీదు సార్ అన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. తెలీదు అన్నాను. ఆ మాటే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. మనిషి ఆచూకీ తెలియలేదని ఫైలు మూసేస్తామన్నాడు.

బయటికి వచ్చి, నువ్వు కాదని వాళ్ళకు తెలిసిందిరా అని చైతన్యకు చెప్పాను. "అది నాకు ముందే తెలుసు గదమా. ఎవురంట మరి?" అన్నాడు. ఎవరో, తెలియలేదన్నాను. వాన్ని బస్టాండులో కూర్చోబెట్టి నేను ఒక్కదాన్నే మీ ఇంటికి వచ్చాను.

ఆ రోజు నేను ఎందుకు వచ్చానో నువ్వు అడగలేదు. నీతో ఒక మాట మాట్లాడాలని వచ్చాను. మీ వసారాలో నంద్యాల వాళ్ళు కూర్చుని ఉన్నారు. శిల్పను చూడడానికి వచ్చారని వాళ్ళ ముందరున్న పళ్ళాలు చూస్తేనే తెలిసింది. నేను చెప్పులు విడుస్తుండగానే నువ్వు వాళ్ళతో అన్నావు. "మా చెల్లెలు. పాపం, కొడుకు చేసిన పనికి భూమి దుడ్లన్నీ పోగొట్టుకొన్యాది. ఏం చేస్తాం, కడుపున పుట్టినోడు" అన్నావు. పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసి నాలుక చప్పరించింది. నీ వెనక నిలబడిన శిల్ప ముఖం ఎర్రబడింది. పోలీసులు వాడు కాదన్నారు, ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నాను అని నేను అన్నాను. "సరేలే వేణమ్మా, వాళ్ళకేం, దుడ్లిస్తే ఏమైనా అంటారు" అని నవ్వావు. దుడ్లన్నీ పోయిన దాని దగ్గర పోలీసులకు ఇవ్వడానికి దుడ్లు ఎక్కడివి అని ఆ నంద్యాల వాళ్ళలో ఒక్కరికైనా తోచి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను. మంచినీళ్ళు తాగి లేచాను. గేటు దాకా వచ్చి నా చేతిలో వంద రూపాయలు పెట్టి, బస్సుకు ఉంచుకో అన్నావు. తీసుకున్నాను. వాళ్ళు చూస్తున్నారు కదా, నీ పరువు ఎందుకు తీయాలని.

అన్నా, పెళ్ళికి నేను రాను. నా కొడుకు రాకూడని ఇంటి గడప నేను తొక్కను. ఒళ్ళు బాగాలేదని వదినతో చెప్పు. కన్ను మళ్ళీ ఇబ్బంది పెడుతున్నదని చెప్పినా నమ్ముతారు. మేనత్త చేయవలసిన ముచ్చట్లకు వదిన చెల్లెలు ఉంది, ఆమెతో జరిపించుకోండి. శిల్పకు నా పెళ్ళినాటి వెండి కుంకుమ భరిణె విడిగా పార్శిలు పంపుతున్నాను. ఆ బిడ్డ నా తల దువ్విన చేతులు చల్లగా ఉండాలి. ఒంటిమిట్ట రాములవారికి ఆమె పేరు మీద అర్చన చేయిస్తాను.

వదినకు నమస్కారాలు. శిల్పకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ తోడబుట్టినది,
కృష్ణవేణమ్మ.

తా.క. ఇక్కడితో ముగించి కవరులో పెట్టాను. మళ్ళీ తీసి రాస్తున్నాను.

ఎస్సై చూపిన ఫోటోలో ఉన్నది నువ్వు. మసకగా ఉన్నా నాకు తెలిసింది. ముఖం కంటే ముందు నీ నోరు చూసి గుర్తుపట్టాను. సంతకం పెట్టేటప్పుడు నాలుక కొన పండ్ల మధ్య పెట్టుకుంటావు. పలక మీద అక్షరాలు దిద్దేటప్పుడు అయ్యవారు ఎన్నిసార్లు తొడపాశం పెట్టినా నీకు ఆ అలవాటు పోలేదు. నా పేరు రాసేటప్పుడు కూడా అలాగే పెట్టుకున్నావు. నీ మోచేతి పక్కన అంగడివాడు తెరిచి పెట్టిన డబ్బా ఉంది, అందులో హారం ఉంది. తేదీ, టైము కింద అచ్చు వేసి ఉన్నాయి. ఆ సాయంత్రం కూడా నువ్వు ఇంటికి వచ్చి నా కంట్లో చుక్కలు వేసి ఉంటావు.

తెలీదు అని ఎందుకన్నానో ఆ నిమిషంలో నాకే తెలియదు. మా ఆయన పోయిన ఏడు నువ్వు నాగలి కట్టి మా చేనిలో చెనక్కాయ వేసిపోయావు. ఆ చేతికి బేడీలు వేయించే మాట నా నోట రాలేదు. నువ్వే చెబుతావని, తలుపు మూసి నాతో ఒక్కదానితో అయినా చెబుతావని మీ ఇంటికి వచ్చాను. నువ్వు అడిగి ఉంటే నేను ఆ డబ్బు ఇచ్చేదాన్నని గొప్పకు రాయను. నేల అమ్మిన డబ్బు, బహుశా ఇచ్చేదాన్ని కాదు. అయినా నువ్వు తీసుకున్నందుకు నేను ఎలాగో ఓర్చుకునేదాన్ని. ఆ దొంగతనాన్ని తెచ్చి నా బిడ్డ తల మీద పెట్టావు. ఊరూరా చెప్పావు. నీ కూతురి మెడలోకి పోయిన బంగారానికి నా కొడుకు ఎసరు పెడతాడని సోమన్నతో చెప్పి పంపావు.

నిన్ను కాపాడడానికి నేను వాన్ని దొంగగా ఇంట్లో ఉంచుకున్నాను. రెండు నెలలకు పైగా, తెలిసి. అది మాత్రం నీ పాపం కాదు.

ఫిర్యాదు వెనక్కు తీసుకుంటానో, స్టేషన్‌కు పోయి ఆ ఫోటో మళ్ళీ చూపమంటానో నాకు తెలియదు. అది ఇక నా ఒక్కదాని చేతిలో లేదు. ఈ జాబు పోస్టులో వేయడానికి చైతన్య చేతికి ఇస్తున్నాను. కవరు అంటించలేదు. చదివి అంటించమని చెబుతాను.